రక్షణ ధర్మములో గృహస్థుని పాలు

2027లో బృహస్పతి సింహరాశిలో ప్రవేశించునపుడు గోదావరీ పుష్కరములు మరల రానున్నవి. పన్నెండు దినముల ఆ పర్వమున బాసర మొదలు అంతర్వేది వరకు గల రేవులలో అసంఖ్యాకులైన జనులు స్నానమాడుదురు. అంతటి జనసమూహమును క్రమములో నడుపుటకు పోలీసు బలగము ఒక్కటే చాలదు. పుష్కరమునకైనను, జాతరకైనను, బ్రహ్మోత్సవమునకైనను పోలీసులకు తోడుగా నిలువగల స్వచ్ఛంద సేవకులు కావలసియే ఉన్నారు. ఎన్.సి.సి., ఎన్.ఎస్.ఎస్. విద్యార్థులు, సేవాసంస్థల సభ్యులు ఇప్పటికే ఈ కార్యమున పాల్గొనుచున్నారు.

ఈ సందర్భమున భక్తులలో రెండు విధములైన అభిప్రాయములు వినవచ్చుచున్నవి. మొదటిది: "రక్షణ రాజధర్మము. పన్ను చెల్లించిన గృహస్థునికి అందులో పని ఏమి? సాధకుడు తన జపతపములు తాను చూచుకొనుట మేలు." రెండవది దీనికి పూర్తిగా వ్యతిరేకమైనది: "పోలీసులు చాలనిచోట ధర్మపరులైన యువకులే చేత కర్ర పట్టి దుష్టులను అదుపు చేయవలెను." మొదటి మాట వైరాగ్యమువలె కనిపించును, రెండవది శౌర్యమువలె కనిపించును. విచారించి చూచినచో శాస్త్రము ఈ రెండింటిని అంగీకరింపదు. రక్షణ ధర్మములో గృహస్థునికి పాలు ఉన్నది. ఆ పాలులో దండము లేదు. ఈ రెండు వాక్యములను కలిపి గ్రహించినప్పుడే పోలీసులకు తోడు నిలుచుట సేవ అగును.

శాస్త్రము ఏమి చెప్పినది

రక్షణ రాజు ధర్మమనుటలో సందేహము లేదు. ప్రజల ఆదాయమున ఆరవ భాగమును గ్రహించి వారిని రక్షింపని రాజు, ఆ ప్రజల పాపమును తానే మోయునని మనుస్మృతి అష్టమాధ్యాయము హెచ్చరించుచున్నది. కావున పన్ను చెల్లించినవాడు రక్షణను అడుగుట యాచన కాదు, అది అతని హక్కు. ఇంతవరకు మొదటి పక్షమువారి మాట యుక్తమే.

అయితే అదే మనుస్మృతి నవమాధ్యాయములో మరియొక విధిని విధించినది. గ్రామము దోపిడికి గురియైనప్పుడు, గట్టు తెగుచున్నప్పుడు, దారిలో దొంగతనము కంటబడినప్పుడు, శక్తి ఉండియు పరుగెత్తి రానివారిని వారి సామగ్రితో సహా దేశమునుండి వెళ్ళగొట్టవలెనని అచట కలదు. శిక్ష దొంగకు మాత్రమే కాదు, చూచి ఊరకున్నవానికిని. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయము కూడ ఆర్తనాదము విని పరుగెత్తనివానిని దండింపదగినవారిలో చేర్చినది. కౌటిల్యుని అర్థశాస్త్రమున నాగరకుని విధులను చెప్పు ప్రకరణమున, వేసవిలో ప్రతి గృహస్థుడు నీటి కుండలు, నిచ్చెన, గొడ్డలి మొదలైనవి సిద్ధముగా ఉంచుకొనవలెనని విధించిరి. అగ్నిప్రమాదము సంభవించినపుడు ఆర్పుటకు పరుగెత్తని ఇంటి యజమానికి 12 పణములు, అద్దెకున్నవానికి 6 పణములు దండము. అద్దెకున్నవాడు సైతము "ఇల్లు నాది కాదు" అని తప్పించుకొనుటకు వీలు లేదన్నమాట.

ఈ విధులలో ఒక సూక్ష్మము కలదు. వీటిలో ఎక్కడను గృహస్థునికి శిక్షించు అధికారమును ఇవ్వలేదు. పరుగెత్తి రమ్మన్నారు, నీరు తెమ్మన్నారు, కేకకు కేక కలుపుమన్నారు. దొంగను తేల్చుట, శిక్ష నిర్ణయించుట రాజపురుషుల వంతు. పిలుపునకు పలుకుట ప్రజల వంతు. రక్షణ ధర్మమును ఇట్లు రెండు పాళ్ళుగా పంచిన శాస్త్రములు ఒక పాలు లేక రెండవది నిలువదని ఎరిగియే పంచినవి.

నేటి చట్టమున సైతము ఈ విభాగమే కనబడును. 1861 నాటి పోలీసు చట్టము 17వ సెక్షను, అల్లర్లు జరిగినప్పుడు లేదా జరుగునని భయపడవలసినప్పుడు, ఉన్న బలగము చాలకపోయినచో, పరిసర నివాసులనే ప్రత్యేక పోలీసు అధికారులుగా మేజిస్ట్రేటు నియమించుటకు వీలు కల్పించినది. తగిన కారణము లేక నిరాకరించినవానికి 19వ సెక్షను జరిమానాను విధించినది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 31వ సెక్షను, పోలీసు అధికారి న్యాయసమ్మతముగా కోరినపుడు తోడ్పడుట ప్రతివాని కర్తవ్యమని చెప్పుచున్నది. 40వ సెక్షను, తన కన్నుల ఎదుట తీవ్రమైన నేరము చేసినవానిని సామాన్య పౌరుడు పట్టుకొనవచ్చుననుచునే, అనవసర జాప్యము లేక, 6 గంటలలోపున పోలీసులకు అప్పగింపవలెనని హద్దు గీసినది. పట్టుకొనుట వరకే అనుమతి. ప్రశ్నించుటకు, కొట్టుటకు, ఊరేగించుటకు అనుమతి లేదు.

దండము ఏల ఇవ్వరాదు

దండము మహత్తరమైన తేజస్సనియు, మనస్సును సంస్కరించుకొననివారు దానిని ధరింపలేరనియు, ధర్మము తప్పిన రాజును అది బంధువులతో సహా నాశనము చేయుననియు మనుస్మృతి సప్తమాధ్యాయము చెప్పుచున్నది. జన్మతః రాజైనవానికే ఈ హెచ్చరిక ఉండగా, వారము దినముల శిక్షణతో వచ్చిన యువకుని చేతికి దండమునిచ్చుట ఎంతటి సాహసమో ఊహించుకొనవచ్చును. కానిస్టేబులుకు మాసముల తరబడి శిక్షణ ఉండును, పై అధికారి ఉండును, తప్పు చేసినచో విచారణ ఉండును. సేవకునికి ఇవి ఏవియు లేవు. జవాబుదారీ లేని చేతిలో దండము, కళ్ళెము లేని గుఱ్ఱము వంటిది.

ఇది ఊహ మాత్రము కాదు, దేశము అనుభవించినదే. ఛత్తీస్‌గఢ్‌లో స్వల్ప విద్య గల గిరిజన యువకులను కొద్దిపాటి గౌరవ వేతనముపై ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి, ఆయుధములిచ్చి మావోయిస్టుల మీదికి పంపిరి. జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్‌లతో కూడిన సుప్రీంకోర్టు ధర్మాసనము 2011 జూలై 5న ఇది రాజ్యాంగపు 14, 21 అధికరణములకు విరుద్ధమని తీర్పు చెప్పినది. ఆ యువకుల ప్రాణములకును, వారి చేతిలో చిక్కిన ప్రజల ప్రాణములకును రక్షణ లేకపోవుటయే ఆ తీర్పునకు మూలము. తమిళనాడులో 1993లో సదుద్దేశముతో ప్రారంభమైన పోలీసు మిత్రుల ఉద్యమము, 2020లో సాత్తాన్‌కుళం పోలీసు నిర్బంధ మరణముల అనంతరము వచ్చిన ఆరోపణల నడుమ, ఆ సంవత్సరము జూలైలో ప్రభుత్వముచే నిషేధింపబడినది. ఆరంభమున ఎంత మంచి సంకల్పమున్నను, సేవకుడు స్టేషను లోపలి పనులకు చేరువైనకొలది ప్రమాదము పెరుగునని దీనివలన తెలియుచున్నది. మూకల హింసపై 2018 జూలై 17 నాటి తీర్పులో సుప్రీంకోర్టు, చట్టమును ఏ గుంపును తన చేతిలోనికి తీసికొనరాదని స్పష్టము చేసినది.

గీతాచార్యుడు తృతీయాధ్యాయమున స్వధర్మమును, పరధర్మమును వేరుచేసి చెప్పి, పరధర్మము భయావహమని పలికెను. గృహస్థుడు దండమును పూనుట పరధర్మమే. ప్రేమికులను అడ్డగించుట, స్త్రీల వస్త్రధారణను విమర్శించుట, ఒకని ఆహారమును సోదా చేయుట, అపరిచితుని పట్టుకొని కులమతములు అడుగుట వంటివి రక్షణ సేవ కానేరవు. ధర్మము పేర వీటిని చేయువారు ధర్మమునకే కళంకము తెచ్చుచున్నారు.

గుహుని వివేకము

సహాయకుడు ఎట్లుండవలెనో తెలిసికొనుటకు శ్రీమద్రామాయణమున నిషాదరాజగు గుహుని మించిన ఆదర్శము లేదు. శృంగిబేరపురమున సీతారాములు చెట్టు క్రింద శయనించిన రాత్రి, లక్ష్మణుడు కావలియుండగా గుహుడు తన వారితో వచ్చి "నీవు విశ్రమింపుము, ఈ రాత్రి మేము కాపాడెదము" అను భావముతో పలికెను. ఆ అరణ్యమున తానెరుగనిది ఏదియు లేదని అతని విశ్వాసము. స్థానికుని బలము అదియే. లక్ష్మణుడు నిద్రింపలేదు, గుహుడు వెడలిపోలేదు. ఇద్దరును మేల్కొనియే ఉండిరి. రక్షకుడును, స్థానికుడును కలిసి జాగరణ చేసిన రాత్రి అది.

తరువాత భరతుడు చతురంగబలముతో గంగాతీరమునకు వచ్చినపుడు గుహునికి సందేహము కలిగెను. రామునికి కీడు చేయ వచ్చెనేమో అని అనుమానించి, 500 నావలలో యువకులను నిలిపి రేవును కాపాడుమని ఆజ్ఞాపించెను. ఆపైన అతడు చేసినది గమనింపదగినది. బాణము వేయలేదు, నింద వేయలేదు. కానుకలు చేతబట్టి, తానే భరతుని ఎదుటికి పోయి, నీ రాక ఏ ఉద్దేశముతోనని సూటిగా, మర్యాదగా అడిగెను. భరతుని హృదయము తెలిసిన వెంటనే ఆ నావలలోనే అతని సేనను గంగ దాటించెను. అనుమానము వచ్చినపుడు సిద్ధముగా ఉండుట తప్పు కాదు, విచారింపకయే దోషిగా నిర్ణయించుట తప్పు. గుహుడు తొందరపడి ఉన్నచో భరతుని వంటి ధర్మాత్మునిపై దాడి చేసిన పాపము అతనికి చుట్టుకొనెడిది.

గుహుని వివేకము లోపించినచోట ఏమగునో మహాభారతము ఆదిపర్వములోని అణిమాండవ్యుని వృత్తాంతము చూపుచున్నది. దొంగలు అపహరించిన ధనముతో ఆ మహర్షి ఆశ్రమమున దాగిరి. వెంటాడి వచ్చిన రాజభటులు దొంగలెటు పోయిరని అడిగిరి. మౌనవ్రతమున నున్న ఋషి పలుకలేదు. ధనము ఆశ్రమములోనే దొరికెను. అంతటితో ఋషియే దొంగ అని అనుమానించి రాజు ఎదుట నిలిపిరి, రాజు శూలము వేయించెను. ఇందు ఋషిని నిందించుట ఎవరికిని తగదు. ఆయన వ్రతము ఆయనది. కాని మౌనవ్రతము లేనివారు సైతము నేడు చూచిన దానిని చెప్పక మౌనము వహించుచున్నారు. "సాక్షిగా పోయినచో కోర్టుల చుట్టు తిరుగవలెను" అని ముఖము తిప్పుకొనుచున్నారు. తెలిసినవాడు పలుకక, తెలియనివాడు అనుమానించినపుడు దండము నిర్దోషిపై పడును. నిజము పలుకుట రక్షణ ధర్మములో గృహస్థుని మొదటి సేవ.

రేవులో చేయవలసిన పని

2015 జూలై 14న, పుష్కరముల తొలి దినమున, రాజమహేంద్రవరపు పుష్కర రేవు వద్ద జరిగిన తొక్కిసలాటలో 25 మందికి పైగా యాత్రికులు అసువులు బాసిరి. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠద్వార దర్శనపు టోకెన్ల కొరకు వచ్చిన భక్తులలో 6 మంది, అదే సంవత్సరము నవంబరు 1న కార్తిక ఏకాదశినాడు శ్రీకాకుళము జిల్లా కాశీబుగ్గ వేంకటేశ్వరాలయమున 9 మంది తొక్కిసలాటలలో మరణించిరి. పుణ్యము కొరకు బయలుదేరినవారు ఇంటికి తిరిగి రాలేదు. వారిలో ఎవరును తప్పు చేసినవారు కారు.

ఇట్టి ఘటనలలో మరణము ఎట్లు కలుగునో తెలిసికొనిన సేవకుడే సహాయపడగలడు. జనులు భయపడి పరుగెత్తుటవలననే ప్రాణములు పోవునని అనేకులు భావింతురు. వాస్తవమున అధికభాగము ఒత్తిడివలన ఊపిరాడక పోవును. ముందున్నవారు కదలలేని స్థితిలో ఉండగా, ఆ సంగతి తెలియని వెనుకవారు ముందుకు త్రోయుచునే ఉందురు. ముందరి ఆక్రందన వెనుకకు వినబడదు. మూసియున్న ద్వారమును హఠాత్తుగా తెరచినప్పుడు, మెట్ల మీద ఒకరు పడినప్పుడు, వచ్చువారు పోవువారు ఒకే దారిలో ఎదురుపడినప్పుడు ఈ ప్రమాదము మిక్కుటమగును.

కావున సేవకుని ప్రధాన కార్యము వార్తాహరుని కార్యము. ముందరి స్థితిని వెనుకకు, వెనుకటి స్థితిని ముందుకు చేరవేయవలెను. జనము చిక్కబడుచున్నదని తోచిన క్షణమే సమీపమున ఉన్న పోలీసు అధికారికి తెలుపవలెను, వెనుకవారిని నిలుపవలెను. దిగు దారి, ఎక్కు దారి వేరుగా ఉండునట్లు మాటతో, చేతి సైగతో నడుపవలెను. వృద్ధులకు, గర్భిణులకు, చంటిపిల్లల తల్లులకు ప్రక్కన చోటు చూపవలెను. పిల్లల జేబులో తలిదండ్రుల ఫోను నంబరు వ్రాసిన చీటి ఉంచుమని బస్సు దిగినచోటనే చెప్పవలెను. తప్పిపోయిన బిడ్డ దొరికినచో తాను ఎత్తుకొని తిరుగక, మహిళా పోలీసు ఉన్న సహాయ కేంద్రమునకు చేర్చవలెను. వీటిలో ఒక్కదానికైనను లాఠీ అవసరము లేదు. స్పష్టమైన కంఠము, శాంతమైన ముఖము, స్థానిక మార్గముల పరిచయము ఉన్నచో చాలును.

ఈ సందర్భమున పండితులు, అర్చకులు చెప్పవలసిన మాట ఒకటి కలదు. పుష్కరుడు నదియందు పన్నెండు దినములును ఉండును. నది అంతయు తీర్థమే. తొలి దినమున, తొలి ఘడియలో, ఒకే రేవులో మునిగినవానికే ఫలమను భ్రమ శాస్త్రసమ్మతము కాదు. ఈ ఒక్క మాటను ప్రతి దేవాలయమున ముందుగా బోధించినచో, వేలమంది సేవకులు చేయు పనిలో సగము తీరిపోవును. మహాభారత వనపర్వమున పులస్త్యుడు భీష్మునికి తీర్థముల మహిమను చెప్పుచు, ఎవని చేతులు, పాదములు, మనస్సు చక్కగా అదుపులో ఉండునో అతడే తీర్థఫలమును పొందునని తెలిపెను. రేవులో త్రోయని చేయి, త్రొక్కని పాదము, తొందరపడని మనస్సు. తీర్థవిధియు, జనరక్షణ విధియు ఇచట ఒక్కటే అయినవి.

పుష్కరము లేని దినములలో సైతము ఈ సేవకు కొదువ లేదు. రోడ్డు ప్రమాదములో గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చిన మంచి మనిషిపై సివిలు, క్రిమినలు బాధ్యత ఉండదని 2019 సవరణతో మోటారు వాహనముల చట్టములో చేరిన 134ఎ సెక్షను చెప్పుచున్నది. ఈ సంగతి తెలియక భయపడి నిలిచిపోవువారికి దీనిని చెప్పుటయు సేవయే. "డిజిటల్ అరెస్టు" అను పేర వీడియో కాలులో పోలీసు వేషమున కనిపించి వృద్ధుల జీవితకాల సంపాదనను దోచుకొను ముఠాలు పెరిగినవి. అట్టి అరెస్టు ఏ చట్టములోను లేదు. మోసము జరిగిన వెంటనే 1930 నంబరుకు తెలిపినచో సొమ్మును నిలుపుదల చేయుటకు అవకాశముండును. ఆపదలో 112కు ఫోను చేయవలెను. దేవాలయమున సాయంకాల ప్రవచనమునకు చేరు పెద్దలకు ఈ మూడు మాటలు ప్రతి పక్షమునకు ఒకసారి చెప్పుట ఏ పురాణ శ్రవణమునకును అడ్డు కాదు.

సేవకునికి నియమములు

స్వచ్ఛందమనగా తన ఇచ్ఛ. ఆ ఇచ్ఛ సేవలో చేరుట వరకే. చేరిన పిమ్మట నియమమే ప్రమాణము. నియమము లేని స్వచ్ఛందము స్వైరాచారమగును.

గీత సప్తదశాధ్యాయమున దానము మూడు విధములని చెప్పబడినది. ప్రత్యుపకారము కోరక, తగిన దేశమున, కాలమున, పాత్రమున ఇచ్చునది సాత్త్వికము. ఫలమును ఉద్దేశించి క్లేశముతో ఇచ్చునది రాజసము. అనాదరముతో ఇచ్చునది తామసము. కాలమును, శ్రమను ఇచ్చు సేవకు సైతము ఈ విభాగము వర్తించును. ప్రత్యేక దర్శనము కొరకో, అధికారితో పరిచయము కొరకో, తన వాహనమునకు చలానా తప్పుటకో చేయు సేవ రాజసము. యాత్రికులను గదమాయించుచు, చేయి పట్టి లాగుచు చేయునది తామసము. తిరుమలలో 2000 సంవత్సరము నుండి సాగుచున్న శ్రీవారి సేవలో దేశపు నలుమూలలనుండి వచ్చినవారు నియమిత దినములు క్రమముగా సేవించి తిరిగి పోవుచున్నారు. విద్య, ధనము, పదవి ఎరుగని ఆ సమానత్వమే అట్టి సేవకు శోభ.

సేవకుడు సమదర్శి కావలెను. ఊరేగింపు ఏ మతమువారిదైనను, సభ ఏ పక్షమువారిదైనను, తప్పిపోయిన బిడ్డ ఏ కులమువారిదైనను అతని ఆదరము ఒక్కటిగా ఉండవలెను. అది సాధ్యము కానివాడు ఈ సేవకు రాకుండుటయే మేలు. ఆర్తులైనవారి చిత్రములను సెల్‌ఫోనులో తీసి నలుగురికి పంపరాదు. స్టేషనులో విన్న సంగతి వీధిలో పలుకరాదు. అధికారియే తప్పు చేయుచున్నట్లు కంటబడినచో, తోటివాడు గదా అని కప్పిపుచ్చక, చూచిన దానిని చూచినట్లు పై అధికారికి, అవసరమైనచో న్యాయస్థానమునకు నివేదింపవలెను. సేవకుడు పోలీసులకు తోడు, వారి తప్పులకు తోడు కాడు.

పాలకుల ధర్మము

ఇంతవరకు గృహస్థుని పాలు చెప్పబడినది. పాలకుల పాలును విస్మరింపరాదు. మంజూరైన పోలీసు ఉద్యోగములను సంవత్సరముల తరబడి ఖాళీగా ఉంచి, ఆ లోటును సేవకులతో పూడ్చుకొనుట ధర్మము కాదు. ఆరవ భాగము తీసికొని రక్షింపని రాజును గురించి స్మృతి చెప్పిన మాట ఇచట వర్తించును. 1946లో బొంబాయి రాష్ట్రమున అల్లర్ల కాలములో స్వచ్ఛంద దళముగా పుట్టిన హోంగార్డు వ్యవస్థ నేడు ఎందరికో జీవనాధారమైనది. అయినను వారి స్థితి సేవకునిదా, ఉద్యోగిదా అను ప్రశ్న అనేక రాష్ట్రములలో న్యాయస్థానముల వరకు పోయినది. సేవ అను పేరు పెట్టి ఉద్యోగపు పని చేయించుకొనుట వలన కలుగు చిక్కు ఇది.

సేవకులను పిలుచునపుడు వారి జాబితాను బహిరంగముగా ఉంచవలెను. పూర్వాపరములు విచారింపవలెను. ఒక రాజకీయ పక్షము లేదా ఒక వర్గము వారితోనే ఆ జాబితా నిండకుండ చూడవలెను. గుర్తింపు కార్డు, స్పష్టమైన పని, ఒక బాధ్యుడైన అధికారి, విశ్రాంతికి వేళ, అన్నపానములు, ప్రమాద బీమా సమకూర్పవలెను. ప్రాణాపాయమున్న చోట నిలుపరాదు. దర్యాప్తు, సోదా, అరెస్టు, విచారణలకు వారిని దరిచేరనీయరాదు. ఈ హద్దులు సేవకునికి అవమానము కావు, అతనికి కవచము.

జనకాదులు కర్మచేతనే సిద్ధిని పొందిరని, లోకసంగ్రహమును దృష్టిలో ఉంచుకొనియైనను కర్మ చేయవలెనని గీత చెప్పుచున్నది. రేవులో పన్నెండు దినములు ఎండకు నిలిచి, ఎదుటివారికి దారి చూపి, సాయంకాలమున తాను మూడు మునకలు వేసి ఇంటికి పోవు గృహస్థుని స్నానము, తొలి ఘడియలో అందరిని త్రోసికొని మునిగినవాని స్నానమునకు ఏ విధమునను తీసిపోదు. పుష్కరములకు ఇంకను వ్యవధి ఉన్నది. ప్రతి దేవాలయ కమిటీ తన గ్రామములోనుండి పది మందిని ఎన్నుకొని, స్థానిక పోలీసు స్టేషనులో పేర్లు నమోదు చేయించి, ప్రథమ చికిత్సను, జనమును నడుపు పద్ధతిని నేర్పించుటకు ఇదియే తగిన కాలము. పర్వము వచ్చిన తరువాత నేర్చుకొనుటకు వేళ ఉండదు.

స్వస్తి.